అధికారం ఎవరిది, ఎవరిచ్చింది: రాజ్యాంగాల రకాలపై ఒక మాజీ సర్పంచ్ జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: గ్రూప్-2కి చదువుతున్నారు. ఏకకేంద్ర, సమాఖ్య, పార్లమెంటరీ, అధ్యక్ష తరహా అంటూ రాజ్యాంగాల పట్టికలు కంఠతా వచ్చేశాయి గానీ అసలు తేడా ఎక్కడుందో తెలియడం లేదు. మన దేశం నిజంగా సమాఖ్యేనా అన్న అనుమానం కూడా ఉంది.

ముందు ఆ పట్టికను కాసేపు పక్కన పెట్టండి. సమాఖ్య లక్షణాలంటూ లిఖిత రాజ్యాంగం, రెండు సభలు, స్వతంత్ర న్యాయవ్యవస్థ, సులువుగా మార్చలేని రాజ్యాంగం అని రాసి ఉంటుంది. జపాన్‌ను చూడండి. 1947 నుంచి లిఖిత రాజ్యాంగం ఉంది, దాన్ని ఇంతవరకు ఒక్కసారి కూడా సవరించలేదు, రెండు సభలున్నాయి, సుప్రీంకోర్టు ఉంది. అయినా అది ఏకకేంద్ర రాజ్యమే. అంటే ఆ లక్షణాలతో తేడా తేలదు. తేల్చేది ఒక్కటే: కింది ప్రభుత్వం చేతిలో ఉన్న అధికారాన్ని పై ప్రభుత్వం తనంతట తానే వెనక్కి తీసుకోగలదా?

పొలం సంగతిలో ఆలోచిస్తే ఇది తేలిగ్గా బోధపడుతుంది. తండ్రి కొడుకుతో "ఆ రెండెకరాలు నువ్వు చేసుకో" అంటాడు. కొడుకు దున్నుతాడు, పంట అమ్ముకుంటాడు, ఊళ్ళో అందరూ అది అతని పొలమే అంటారు. పట్టా మాత్రం తండ్రి పేరునే ఉంటుంది, ఎప్పుడైనా వద్దనొచ్చు. ఇది ఏకకేంద్రం. పంపకాలు జరిగి, రిజిస్ట్రేషన్ అయి, ఎవరి పాసుపుస్తకం వాళ్ళ దగ్గరుంటే అది సమాఖ్య. గట్టు జరపాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, తగాదా వస్తే కోర్టు తేలుస్తుంది. ఇక ఎవరి భూమి వాళ్ళదే అయి, కలిసి ఒక మోటారు వేసుకుని, ఇష్టం లేనివాడు తప్పుకునే వీలుంటే అది కాన్ఫెడరేషన్. అమెరికా మొదట అలాగే ఉండేది. 1781లో అమల్లోకి వచ్చిన ఒడంబడిక ప్రకారం వాళ్ళ కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారమే లేదు, రాష్ట్రాలను డబ్బు అడుక్కోవాల్సి వచ్చేది. ఒడంబడికను మార్చాలంటే పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. అది నడవకే 1787లో ఇప్పటి రాజ్యాంగం రాసుకున్నారు.

ఇదంతా నాకు మొదట పుస్తకాల్లో అర్థమైంది కాదు. 2013లో కోనసీమలో కాలువ శివారున ఉన్న మా ఊరికి సర్పంచ్‌గా గెలిచి, 2018 ఆగస్టు దాకా పనిచేశాను. రాజ్యాంగాల గురించి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది ఆ కుర్చీలో కూర్చున్న తర్వాతే.

పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు 29 అంశాలున్నాయి: తాగునీరు, రోడ్లు, చిన్నతరహా సాగునీరు, ప్రాథమిక విద్య, ఇంకా చాలా. చదివితే పంచాయతీ ఒక చిన్న ప్రభుత్వం అనిపిస్తుంది. కానీ 243జి అధికరణం చూడండి. ఆ అధికారాలను పంచాయతీలకు ఇవ్వడానికి రాష్ట్ర శాసనసభకు వీలు కల్పించిందే తప్ప, ఇచ్చి తీరాలని చెప్పలేదు. ఎంత ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో శాసనసభ ఇష్టం. అదే రాష్ట్రాల సంగతి వేరు. ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితా ఉంది, అది 246వ అధికరణం నేరుగా రాష్ట్రాలకిచ్చిన అధికారం. ఢిల్లీ దయతలిచి ఇచ్చింది కాదు.

ఈ తేడా రోజూ ఎలా తగులుతుందో చెబుతాను. మా ఊరివాళ్ళు కట్టిన ఇంటిపన్ను ట్రెజరీలో జమవుతుంది. వీధిలైటు బల్బులకు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలకు మేం బిల్లు పెడితే అది అక్కడ పాసవ్వాలి. పైనుంచి ఫ్రీజింగ్ అన్నారంటే, అంటే చెల్లింపులు ఆపేశారంటే, మా డబ్బే మాకు రాదు. ఒక ఏడాది ఫైనాన్స్ కమిషన్ నిధులు ఖాతాలో పడ్డాయని తెలిసి పేటలో, అంటే మా ఊరి దళితవాడలో, సీసీ రోడ్డుకు తీర్మానం చేశాం. పనికి కొలతలు కూడా తీశారు. ఇంతలో కరెంటు బకాయిల కింద సర్దాలని ఉత్తర్వు వచ్చింది, డబ్బు వెళ్ళిపోయింది. పేటవాళ్ళు వచ్చి అడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఓట్లు వేసింది వాళ్ళు, తీర్మానం చేసింది మేము, నిర్ణయం మాత్రం మూడోచోట జరిగింది. రాష్ట్రంతో పోలిస్తే పంచాయతీ ఉన్నది ఏకకేంద్ర వ్యవస్థలోనే అని నేను గట్టిగా నమ్మడం అప్పటినుంచే.

నేను దిగిపోయాక ఏమైందో మీకూ తెలుసు. అయిదేళ్ళు పూర్తయ్యేలోపే ఎన్నికలు జరగాలని 243ఇ స్పష్టంగా చెబుతుంది. మన రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు మళ్ళీ జరిగింది 2021 ఫిబ్రవరిలో, అదీ ఎన్నికల సంఘం, ప్రభుత్వం మధ్య గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన తర్వాత. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలనే. శ్రీలంకలోనూ ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది. వాళ్ళ 1978 రాజ్యాంగం తమది ఏకకేంద్ర రాజ్యమని చెబుతుంది. భారత్‌తో ఒప్పందం తర్వాత 1987లో 13వ సవరణ తెచ్చి ప్రాంతీయ మండళ్ళు పెట్టారు. వాటికి 2014 తర్వాత ఎన్నికలు ఆగిపోయాయి, పదవీకాలాలు అయిపోయి ఏళ్ళ తరబడి గవర్నర్లే నడిపారు. బ్రిటన్ అయితే ఉత్తర ఐర్లండ్‌లో యాభై ఏళ్ళు నడిచిన పార్లమెంటును 1972లో నిలిపేసి, మరుసటేడు రద్దు చేసింది. ఇప్పుడు స్కాట్లండ్‌కు 1998 చట్టంతో వచ్చిన పార్లమెంటు చాలా బలంగానే ఉంది, నిజానికి మన రాష్ట్రాలకు లేని కొన్ని స్వేచ్ఛలు దానికున్నాయి. అయినా స్వాతంత్ర్యం మీద ప్రజాభిప్రాయ సేకరణకు సొంతంగా చట్టం చేయడం దాని పరిధిలో లేదని 2022లో వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చింది. అనుభవిస్తున్న అధికారం ఎంత పెద్దదైనా పట్టా ఎవరి పేరున ఉందో అలాంటి రోజు తెలుస్తుంది.

ఇక రాష్ట్రం, కేంద్రం మధ్యకు వద్దాం. ఇక్కడే మీ రెండో ప్రశ్నకు జవాబుంది.

మా ఊరి మంచినీళ్ళ చెరువును తీసుకోండి. సముద్రం దగ్గర కాబట్టి మా దగ్గర బోరు వేస్తే ఉప్పునీళ్ళు. కాలువ నీళ్ళతో చెరువు నింపుకుని, వడకట్టి, ట్యాంకుకు ఎక్కించుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేసేలోపు చెరువు నిండకపోతే ఊరంతా టెన్షనే. చెరువు పంచాయతీది. కాలువ మాత్రం రాష్ట్ర జలవనరుల శాఖది. దాళ్వాకు (రెండో పంటకు) ఎంత ఆయకట్టుకు నీళ్ళివ్వాలో, కాలువలు ఎప్పుడు కట్టేయాలో సాగునీటి సలహా మండలి సమావేశంలో తేలుస్తారు. వంతులవారీ పెడితే శివారుకు నీళ్ళు చేరేసరికి వంతు అయిపోతుంది. ధవళేశ్వరం దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీళ్ళు పంచాలంటే ముందు ధవళేశ్వరానికి రావాలి కదా. వేసవిలో గోదావరిలో సహజంగా వచ్చే నీరు చాలదు, సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీళ్ళ కోసం చూస్తాం. ఆ సీలేరు మీదున్న బలిమెల జలాశయం ఆంధ్ర, ఒడిశా రెండింటి ఉమ్మడి ఆస్తి. ఇంకా ఎగువన తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర ఉన్నాయి.

నీరు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. కానీ అది కేంద్ర జాబితాలోని 56వ అంశానికి లోబడి ఉంటుంది; అంతర్రాష్ట్ర నదుల నియంత్రణను పార్లమెంటు ప్రజాప్రయోజనం పేరుతో తన చేతిలోకి తీసుకోవచ్చు. 262వ అధికరణం ఇంకో అడుగు ముందుకేసి, నదీజలాల తగాదాల్లో కోర్టుల జోక్యాన్ని తొలగించే అధికారం కూడా పార్లమెంటుకే ఇచ్చింది. దాని ప్రకారం 1956లో చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1969లో జస్టిస్ బచావత్ అధ్యక్షతన గోదావరి ట్రిబ్యునల్ వేశారు, తుది తీర్పు 1980లో వచ్చింది. ఆ తీర్పులో ఎక్కువ భాగం రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న ఒప్పందాలే. పోలవరం నుంచి కృష్ణకు మళ్ళించే 80 టీఎంసీల్లో ఆంధ్రకు 45, కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14 అన్న లెక్క వచ్చింది అక్కడినుంచే. ఈ భాగం నాకు ఇష్టం, ఎందుకంటే ఇక్కడ రాష్ట్రాలు నిజమైన భాగస్వాముల్లా కూర్చుని మాట్లాడుకున్నాయి. అమెరికాలో కొలరాడో నది మీద ఏడు రాష్ట్రాలు 1922లో చేసుకున్న ఒప్పందం కూడా ఇలాంటిదే. అరిజోనా శాసనసభ దాన్ని 1944 దాకా ఆమోదించలేదు, ఎవరూ బలవంతంగా ఒప్పించలేకపోయారు కూడా.

కానీ 2014 మరో ముఖం చూపించింది. విభజన మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దు. రాజ్యాంగం ఎలా పనిచేసిందో మాత్రమే చూడండి. జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించాయి. జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. ఇదంతా రాజ్యాంగబద్ధమే, ఎందుకంటే మూడో అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పనిలేదు. తర్వాత పోలవరం ముంపు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రకు మార్చింది కూడా పార్లమెంటే. అమెరికా రాజ్యాంగంలో నాలుగో అధికరణం దీనికి పూర్తి వ్యతిరేకం: ఒక రాష్ట్రం హద్దుల్లోంచి కొత్త రాష్ట్రం రావాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాల్సిందే. ఒక దేశం సమాఖ్య ఎంత గట్టిదో చూడాలంటే ఈ ఒక్క నిబంధన పక్కపక్కన పెట్టి చదివితే చాలు.

కాబట్టి మనది సమాఖ్యే. రాష్ట్ర జాబితాను ఢిల్లీ మామూలు చట్టంతో తీసేయలేదు. 368 ప్రకారం పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ, పైగా సగం రాష్ట్రాల ఆమోదం కావాలి. కానీ రాష్ట్రాల హద్దులు, ఏ జాబితాలోనూ లేని మిగులు అధికారాలు (248), 356 కింద రాష్ట్రపతి పాలన, ఇవన్నీ కేంద్రం వైపు మొగ్గుతాయి. మిగులు అధికారాలు కేంద్రానికివ్వడం కెనడా దారి. అమెరికా, ఆస్ట్రేలియా వాటిని రాష్ట్రాలకు వదిలేశాయి. జీఎస్టీ కౌన్సిల్ కూడా చూడండి: ఓటు బరువులో కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నింటికీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం కాదంటే ఏదీ సాగదు. పెట్రోలు జీఎస్టీ బయట ఉంది కాబట్టి దాని మీద అమ్మకపు పన్ను (వ్యాట్) ఇంకా రాష్ట్రాలదే. ఎదుర్లంక వంతెన దాటి యానాంలో బండికి పెట్రోలు కొట్టించుకునే ప్రతివాడూ ఆ తేడాను జేబులో చూసుకుంటాడు.

యానాం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అదే గౌతమి ఒడ్డు, అదే భాష, అవే చుట్టరికాలు, కానీ అక్కడ పాలన మూడో రకం. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభ ఉంది, ముఖ్యమంత్రి ఉన్నారు. యానాం నుంచి ఒక ఎమ్మెల్యే వెళ్తారు. ఆ సభ పార్లమెంటు 1963లో చేసిన చట్టంతో పుట్టింది. లెఫ్టినెంట్ గవర్నర్‌కు, మంత్రులకు అభిప్రాయం కలవకపోతే విషయం రాష్ట్రపతికి, అంటే కేంద్రానికి వెళ్తుంది. ముగ్గురు సభ్యులను కేంద్రం నామినేట్ చేయవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పరీక్షలో భారత సమాఖ్య ఒకే తీరుగా ఉండదని రాయాల్సి వస్తే యానాంను ఉదాహరణగా రాయండి.

పార్లమెంటరీ, అధ్యక్ష తరహా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, దీన్ని పై దానితో కలపకండి. అధికారం ఢిల్లీకీ రాష్ట్రానికీ మధ్య ఎలా పంచారన్నది ఒకటి. ఒకే స్థాయిలో పాలించేవాడికీ శాసనసభకూ మధ్య ఎలా పంచారన్నది మరొకటి. అమెరికా సమాఖ్య, అధ్యక్ష తరహా. జర్మనీ సమాఖ్య, పార్లమెంటరీ. బ్రిటన్ ఏకకేంద్రం, పార్లమెంటరీ.

దీనికి మాత్రం మన ఊళ్ళోనే రెండు నమూనాలూ ఉన్నాయి. సర్పంచ్‌ను ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది. వార్డు మెంబర్లు అవిశ్వాసం పెట్టి దించలేరు. మండల పరిషత్ అధ్యక్షుణ్ణి (ఎంపీపీ) ఎంపీటీసీలు తమలోంచి ఎన్నుకుంటారు, అవిశ్వాసంతో దించగలరు. మొదటిది అధ్యక్ష తరహాకు దగ్గర, రెండోది పార్లమెంటరీకి దగ్గర. నేను గెలిచినప్పుడు మెంబర్లలో ఎక్కువమంది అవతలి ప్యానెల్‌వాళ్ళు. వాళ్ళు నన్ను తీసేయలేరు, నేను వాళ్ళను తీసేయలేను. సమావేశానికి రాకపోతే కోరం ఉండదు, తీర్మానం ఉండదు. అమెరికాలో బడ్జెట్ పాసవ్వక 2018 చివర్లో ప్రభుత్వ కార్యాలయాలు 35 రోజులు మూతపడ్డాయని వార్తల్లో చదివినప్పుడు ఆ పరిస్థితి నాకు కళ్ళకు కట్టినట్టు అర్థమైంది. చివరికి ఒక్కొక్క మెంబరు ఇంటికి వెళ్ళి, వాళ్ళ వార్డు పనులు ముందు పెడతానని ఒప్పించుకున్నాక పని నడిచింది. అది చెడ్డదని నేననను, మాట్లాడుకోక తప్పని పరిస్థితి తెచ్చింది. ఎంపీపీ వైపు బలహీనత వేరే రకం. పార్టీ బలం అటూ ఇటూగా ఉన్నచోట ఎన్నికకు ముందు ఎంపీటీసీలను క్యాంపులకు తీసుకెళ్తారు. 1984 ఆగస్టులో గవర్నర్ ఎన్టీఆర్‌ను తొలగించినప్పుడు రాష్ట్రస్థాయిలో చూసింది ఇదే ప్రశ్న: మెజారిటీ ఎవరికుందో ఎక్కడ లెక్కపెట్టాలి? నెల తర్వాత ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. బలపరీక్ష సభలోనే జరగాలని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. జర్మనీవాళ్ళు దీనికి తెలివైన ఉపాయం పెట్టుకున్నారు: కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకోగలిగితేనే పాతవారిని దించాలి. 1949 నుంచి అలా దిగిపోయింది 1982లో ఒక్కసారే.

ఫ్రాన్స్ 1958 రాజ్యాంగం రెంటినీ కలిపింది. అధ్యక్షుణ్ణి 1965 నుంచి ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు, ప్రధాని మాత్రం సభకు జవాబుదారీ. ఇద్దరూ వేర్వేరు పక్షాలవాళ్ళయితే దేశ వ్యవహారాల బరువు ప్రధాని వైపు జరుగుతుంది. 1997 నుంచి 2002 దాకా అలాగే నడిచింది.

సవరణ గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో పార్లమెంటు మామూలు చట్టంతోనే ఏదైనా మార్చగలదు. ఆస్ట్రేలియాలో దేశం మొత్తం మీద మెజారిటీతో పాటు ఆరింట నాలుగు రాష్ట్రాల్లో మెజారిటీ రావాలి. 45 ప్రతిపాదనలు ప్రజల ముందుకొస్తే 8 గెలిచాయి. మనది మధ్యస్థం. దానికి తోడు రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా ముట్టుకోలేదని సుప్రీంకోర్టు కేశవానంద భారతి తీర్పు 1973 ఏప్రిల్ 24న వచ్చింది, 7-6 తేడాతో. అదే తేదీన ఇరవై ఏళ్ళకు పంచాయతీల సవరణ అమల్లోకి వచ్చింది. తేదీలు గుర్తుపెట్టుకోవడానికి మీకు పనికొస్తుంది.

అధికారం కిందికి వెళ్తే అంతా మంచే జరుగుతుందని మాత్రం అనుకోకండి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని పాలనకు పునాదిగా తీసుకోవడాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. ఆయనకు వ్యక్తే ప్రమాణం. మా జిల్లాకు ఆయన పేరుంది. ఆయన చెప్పింది ఎంత నిజమో సర్పంచ్‌గా చూశాను. ఊళ్ళో పెద్దరైతుల వీధికి డ్రైనేజీ అడక్కుండానే తీర్మానంలోకి వస్తుంది, పేటకు రోడ్డు కావాలంటే ప్రతిసారీ పోరాడాలి. 243డి కింద ఎస్సీ, ఎస్టీ, మహిళా రిజర్వేషన్లు లేకపోతే ఆ పోరాడే గొంతు కూడా సమావేశంలో ఉండదు. అందుకే రాష్ట్రం చేతిలోంచి పంచాయతీకి అధికారం రావాలని ఎంత గట్టిగా కోరతానో, దానితో పాటే ఆ రక్షణలను రాజ్యాంగం పైనుంచి కాపలా కాయాలనీ అంతే గట్టిగా కోరతాను.

నేపాల్ 2015 రాజ్యాంగం ఈ దిశలో మనకంటే ముందుకెళ్ళింది. కేంద్రం, ప్రాంతాలు, స్థానిక ప్రభుత్వాలు అని మూడు స్థాయిలు పెట్టి, స్థానిక ప్రభుత్వాల అధికారాలను ఎనిమిదో షెడ్యూల్లో నేరుగా రాసిపెట్టింది. డబ్బు, సిబ్బంది చాలక అక్కడా ఇబ్బందులున్నాయి, కానీ ఆ జాబితా చూపించి కోర్టుకు వెళ్ళగలరు. మా సర్పంచ్‌లకు పదకొండో షెడ్యూలు అలా పనికిరాదు.

మీరు చదవడానికి ఒక వరుస చెబుతాను. ముందు 1, 3, 246, 248, 262, 356, 368. ఆ వెంటనే 243 నుంచి 243ఓ దాకా. తర్వాత ఏడో షెడ్యూలు, పదకొండో షెడ్యూలు ఒకే బల్ల మీద తెరిచి పెట్టుకోండి. ప్రతి అధికారం పక్కన పెన్సిలుతో రెండే రాసుకోండి: ఇది ఎవరిచ్చారు, ఎవరు తీసేయగలరు. 243జి దగ్గరికి వచ్చాక సందేహం ఉంటే ఇక్కడే అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.